పన్నెండు దాటితే కొడుకు కాడా?

ఒడిశాలోని బరంపురంలో అప్పడాల తయారీకి రోజుకూలీగా వెళ్లే ఓ తెలుగు తల్లి, ఇద్దరు పిల్లలతో మూడు రాత్రులు బస్టాండులో పడుకుంది. భర్త ఎప్పుడో వదిలేశాడు. అద్దె బాకీ పడేసరికి ఇంటివాళ్లు సామాను వీధిలో పెట్టారు. దిక్కులేని ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే శక్తి సదన్‌కు ఆశ్రయం అడగడానికి వెళితే, ఆధార్ కార్డు మీద పిల్లాడి పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి లెక్క చూశారు. ‘నువ్వూ పాపా ఉండొచ్చు. బాబుకి పన్నెండు దాటి ఐదు నెలలైంది, వాణ్ని బాలల గృహానికి పంపాలి’ అన్నారు. ఆమె ఇద్దరి చేతులూ పట్టుకుని మళ్లీ బస్టాండుకే వచ్చేసింది. మా విలేకరి వెళ్లేసరికి ఆ పిల్లాడు స్కూలు బ్యాగు తలకింద పెట్టుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారని చెప్పుల్ని చొక్కాలో చుట్టి పొట్టకు హత్తుకుని పడుకున్నాడు.

అలా చెప్పిన సదన్ ఉద్యోగిని తిట్టి లాభం లేదు. రూలే అలా ఉంది. కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకు నీడనిచ్చే స్వాధార్ గృహాలనూ, అక్రమ రవాణా బాధితుల కోసం పెట్టిన ఉజ్జ్వల పథకాన్నీ కలిపి 2022లో కేంద్రం మిషన్ శక్తి పథకం కింద శక్తి సదన్‌లుగా మార్చినప్పుడు కూడా మగపిల్లలకు పెట్టిన వయసు గీతను చెరపలేదు. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. గీత మాత్రం ఇద్దరిదీ.

ఈ సదన్‌లు పనికిరానివని ఎవరూ అనడం లేదు. తిండి, వైద్యం, లాయరు సాయం, ఏదో ఒక పని నేర్పడం, మూడేళ్ల వరకు నీడ. హింసకు గురైన ఆడవాళ్లకు తక్షణ సాయం చేసే సఖి కేంద్రం ఇచ్చేది ఐదు రోజుల గడువే. ఐదు రోజుల్లో ఎవరికి ఇల్లు దొరుకుతుంది? ఒంటరి ఆడదానికి అద్దెకివ్వాలంటే అడ్వాన్స్ కంటే ముందు ‘ఇంట్లో మగదిక్కు ఎవరమ్మా’ అని అడిగే ఊళ్లు మనవి. అడ్వాన్స్ కూడబెట్టుకోవడానికి, కోర్టులో భరణం కేసు కదలడానికి నెలలు కావాలి. ఆ నెలలు ఇచ్చేది ఇలాంటి ఆశ్రయమే. అందుకే దాని గుమ్మంలో కొడుకును వదిలి రమ్మనడం ఇంత అన్యాయం.

ఆడపిల్లలుండే చోట ఎదిగిన మగపిల్లలు ఉంటే ఇబ్బంది కాదా అంటారు. కాదనం. దానికి మందు కుటుంబానికో గది, లోపల గడియ. అంతేగాని తల్లినీ బిడ్డనూ విడదీయడం కాదు.

అసలు వింత ఇంకోటుంది. పిల్లల్ని సంస్థల్లో పెట్టడం చిట్టచివరి మార్గం కావాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఇక్కడ అది మొదటి మార్గమైపోయింది. ఆ పిల్లాడు నేరం చేయలేదు, అనాథ కాదు, తల్లి వద్దనలేదు. పుట్టినరోజు దాటిపోవడమే వాడి తప్పు. బిడ్డను తల్లి దగ్గరే ఉంచమని ఒక కాగితం, వేరు చేయమని ఇంకో కాగితం. రెండూ ఒకే ప్రభుత్వానివి. ఈ రోజు పన్నెండు అని ఒప్పుకుంటే, రేపు చోటు చాలడం లేదని పది అంటారు, ఎనిమిది అంటారు. పాత స్వాధార్ రూల్స్‌లో ఎనిమిదే ఉండేదని మరిచిపోవద్దు.

నగరపాలక సంస్థ తప్పించుకోవడానికీ లేదు. లక్ష జనాభాకు కనీసం వందమందికి పట్టే ఆశ్రయాలు ఉండాలని, వాటిలో కుటుంబాలకు విడిగా ఉండాలని పట్టణ జీవనోపాధి మిషన్ 2013లోనే రాసిపెట్టింది. బరంపురం జనాభా 2011లోనే 3.5 లక్షలు దాటింది. అంటే 350 మందికి చోటుండాలి. అందులో తల్లీపిల్లలు కలిసి తలుపేసుకుని పడుకోగల గదులెన్ని? ఆ ఒక్క అంకె చెప్పమనండి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మున్సిపాలిటీలకూ ఇదే ప్రశ్న.

సరిహద్దు గొడవ ఉండనే ఉంది. పుట్టిల్లు పాతపట్నమో ఇచ్ఛాపురమో అయి, ఆధార్‌లో ఇంకా ఆ చిరునామాయే ఉంటే ‘ఆంధ్రాకి పో’ అంటారు. అక్కడికి వెళితే ‘ఒడిశాలో ఇచ్చారుగా, అక్కడే చూసుకో’ అంటారు. ఇంట్లో తెలుగు తప్ప రాని పిల్లాణ్ని ఒంటరిగా బాలల గృహంలో దింపితే, రాత్రి జ్వరమొస్తే ఏ భాషలో చెప్పుకుంటాడో ఎవరైనా ఆలోచించారా?

సుభద్ర పథకం కింద ఆడవాళ్లకు ఏటా 10 వేలు ఇస్తున్నామని భువనేశ్వర్ ఘనంగా చెప్పుకుంటుంది. సంతోషం. ఆ పదివేలు పెట్టి బస్టాండులో బెంచీ కొనుక్కోమంటారా?

ముందుగా ఆ పన్నెండును కొట్టేయండి. కనీసం పద్దెనిమిది చేయండి. మిషన్ శక్తి రూల్స్ మారేదాకా ఆగక్కర్లేదు, ఖాళీగా పడున్న ప్రభుత్వ క్వార్టర్లలో నాలుగు గదులు తెరవడం కలెక్టర్ల చేతిలో పని. వాన చినుకు పడితే ఏడో తరగతి కొడుకు కోసం ‘చిన్నపిల్లాడు, తడిసిపోతాడు’ అంటూ ఆఫీసు జీపు స్కూలుకు పంపే సార్లకు, కూలి తల్లి కొడుకు అదే వయసులో మగవాడిలా కనిపిస్తున్నాడంటే లోపం వాడి వయసులో లేదు.