చీచ్-చాంగ్ దారి వేశారు, హెరాల్డ్-కుమార్ మించిపోయారు

గంజాయి కామెడీ, అదే హాలీవుడ్‌లో స్టోనర్ కామెడీ అంటారే, ఆ మాట రాగానే సినిమా పిచ్చి ఉన్నవాళ్లంతా ముందు చెప్పే పేర్లు చీచ్ మారిన్, టామీ చాంగ్. 1978లో వీళ్ల ‘అప్ ఇన్ స్మోక్’ రాకపోతే ఈ తరహా సినిమాలకు మార్కెట్ ఉందని స్టూడియోలకు అప్పట్లో తెలిసేది కాదు, ఆ క్రెడిట్ వాళ్లదే. కానీ వాళ్లను మించిన జోడీ మళ్లీ రాలేదనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. 2004లో ‘హెరాల్డ్ అండ్ కుమార్ గో టు వైట్ క్యాజిల్’ సినిమాతో వచ్చిన హెరాల్డ్, కుమార్ మించారు, అదీ గట్టిగానే.

చీచ్‌ది లాస్ ఏంజెలిస్‌లోని మెక్సికన్ కుటుంబం, తండ్రి పోలీసు. చాంగ్ కెనడావాడు, తండ్రి చైనీస్. ఇద్దరూ వాంకూవర్‌లో కలిసి, స్టేజీ మీద, కామెడీ రికార్డులతో ఏళ్ల తరబడి పేరు తెచ్చుకున్నాకే సినిమాకి వచ్చారు. అందుకే వాళ్ల మాటల టైమింగ్‌లో ఎక్కడా తడబాటు కనిపించదు. ఆ సినిమాలో మెక్సికోలోని టిహువానా నుంచి లాస్ ఏంజెలిస్‌కి వాళ్లు నడిపే వ్యాన్ బాడీ మొత్తం గంజాయితోనే తయారైంది, ఆ సంగతి ఇద్దరికీ తెలీదు. వెనకాల సార్జెంట్ స్టెడెంకో పోలీసు టీమ్ తరుముతోందని కూడా తెలీదు. చివర్లో క్లబ్ బయట ఆ వ్యాన్ కాలి, పొగ లోపలికి పాకి, ప్రేక్షకులంతా ఊగిపోతారు. ఇప్పటికీ నవ్వొస్తుంది. అయితే ఏం జరిగినా ఆ ఇద్దరికీ పోయేదేమీ లేదు: ఉద్యోగం లేదు, నిలబెట్టుకోవాల్సిన పరువు లేదు. అందుకే కాసేపయ్యాక మనకూ టెన్షన్ పోతుంది, సీన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఉంటాయంతే.

1995లో ఐస్ క్యూబ్, క్రిస్ టక్కర్‌ల ‘ఫ్రైడే’ ఆ లోటును పట్టుకుంది. అమ్మిపెట్టమని ఇచ్చిన గంజాయిని టక్కర్ వేసిన స్మోకీయే తాగేస్తాడు, రాత్రికల్లా 200 డాలర్లు కట్టకపోతే ప్రాణాల మీదికొస్తుంది. పేటలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లతో నవ్వునూ భయాన్నీ పక్కపక్కనే నడిపించారు.

ఇక హెరాల్డ్-కుమార్. కథ ఒక్క ముక్కే: గంజాయి కొట్టాక ఆకలేసి, వైట్ క్యాజిల్ బర్గర్ల కోసం న్యూజెర్సీ అంతా తిరుగుతారు. కానీ బయల్దేరేముందు వాళ్లెవరో చూడండి. హెరాల్డ్ కొరియన్ కుటుంబంవాడు, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పనిచేస్తాడు. ఆసియావాళ్లకు లెక్కలంటే ఇష్టం కదా అని తోటి ఉద్యోగులు శుక్రవారం సాయంత్రం తమ పని అతని నెత్తిన పడేసి షికారుకి పోతారు. భారతీయ కుటుంబంలో పుట్టిన కుమార్‌కి బుర్ర ఉంది, మెడిసిన్ చదవడం ఇష్టం లేదు. అప్లై చేస్తున్నంతకాలం తండ్రి ఖర్చులు భరిస్తాడు కాబట్టి ఇంటర్వ్యూలకి వెళ్లి కావాలనే చెడగొట్టుకొస్తాడు. న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ చుట్టుపక్కల పెరిగిన తెలుగు పిల్లలకు ఆ తండ్రి ఎలాంటివాడో విడిగా చెప్పక్కర్లేదు.

సినిమాలో అన్నిటికంటే బలమైన సీన్ గంజాయిది కాదు. అర్ధరాత్రి, రోడ్డు మీద ఒక్క బండి లేదు, సిగ్నల్ పడకుండా రోడ్డు దాటాడని పోలీసు హెరాల్డ్‌కి చలానా రాస్తాడు. ఆ తర్వాత కుమార్ పేరు విని ఎగతాళి చేస్తాడు. మాటా మాటా పెరిగి హెరాల్డ్ లాకప్‌లో పడతాడు, అక్కడ ఏ తప్పూ చేయని ఒక నల్లజాతి మనిషి ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. కామెడీ ఎక్కడా ఆగదు, ఒళ్లు మాత్రం మండిపోతుంది. చీచ్-చాంగ్ వెనకపడ్డ పోలీసులు ఉత్త వెర్రిబాగులోళ్లు, ఇక్కడి పోలీసు మనకు తెలిసిన మనిషి. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల్ని, యాస పెట్టి నవ్వించే పక్క పాత్రలుగా కాకుండా, తప్పులు చేసే మామూలు హీరోలుగా ఒక స్టూడియో సినిమా చూపించడం ఎంత పెద్ద విషయమో అప్పట్లో చాలామంది రివ్యూయర్లకు తట్టలేదు. కుమార్‌గా చేసిన కాల్ పెన్ 2009లో ఒబామా వైట్‌హౌస్‌లో ఉద్యోగానికి వెళ్లాడు కూడా.

చాంగ్‌కి అన్యాయం చేయకూడదు. తెర మీద లేని ప్రమాదం ఆయనకు నిజజీవితంలో ఎదురైంది. గంజాయి పీల్చే గాజు బాంగ్‌లు అమ్మిన కేసులో 2003లో ఆయనకు 9 నెలల జైలుశిక్ష పడింది. శిక్ష ఖరారయ్యేటప్పుడు ప్రాసిక్యూటర్లు ఆయన సినిమాలను కూడా ఎత్తిచూపారు. కామెడీని నేరానికి సాక్ష్యంలా వాడటం దారుణం. ఆయన విడుదలైన 2004 జులైలోనే హెరాల్డ్-కుమార్ థియేటర్లకొచ్చారు.

ఈ జోడీలన్నిటిలోనూ నాకు మింగుడుపడనిది ఆడవాళ్ల పాత్రలు. 2008 నాటి ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’లో సేత్ రోగన్, జేమ్స్ ఫ్రాంకోల స్నేహాన్ని ఎంత ముద్దుగా రాశారో, హీరో గర్ల్‌ఫ్రెండ్‌ని అంత నిర్లక్ష్యంగా రాశారు. హెరాల్డ్-కుమార్ కూడా ఈ విషయంలో మెరుగేం కాదు.

న్యూజెర్సీ ఓటర్లు 2020లో గంజాయిని చట్టబద్ధం చేశారు, 2022 నుంచి అక్కడ షాపుల్లోనే అమ్ముతున్నారు. ఇక దాచుకుని తాగడం మీద సినిమా నడవదు. అబ్బీ జేకబ్సన్, ఇలానా గ్లేజర్ 2014లో మొదలుపెట్టిన ‘బ్రాడ్ సిటీ’ సిరీస్ ఈ చిక్కును అప్పుడే విప్పింది. ఇద్దరమ్మాయిలు న్యూయార్క్‌లో గంజాయి తాగుతూనే ఉంటారు, కానీ కథ నడిచేది డబ్బుల కటకట మీద, పనికిమాలిన ఉద్యోగాల మీద, ఒకరిని వదిలి ఒకరు ఉండలేకపోవడం మీద. అలాంటి జోడీతో పూర్తి నిడివి సినిమా తీయడానికి స్టూడియోలు ఇంకా దేనికోసం ఆగుతున్నాయో నాకర్థం కాదు.