పూత మీద అమ్మాలా, పక్వానికొచ్చాక అమ్మాలా?

ప్రతి వేసవిలో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్దలకు ఒకే ధర్మసందేహం: ఉన్నవాళ్ళలో మేటి ఆటగాణ్ణి అమ్మాలా, ఉంచుకోవాలా? ఇది తేల్చడానికి లాయర్లనీ, డేటా నిపుణులనీ కోట్లు పోసి పెట్టుకుంటారు. సరిగ్గా అదే జూన్, జూలైలలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతు ఇదే లెక్కను ట్రాక్టరు మీద కూర్చుని తేల్చేస్తాడు. కాబట్టి ఆ పెద్దలందరినీ మూడు రోజులు బంగారుపాళెం మార్కెట్ యార్డులో కూర్చోబెట్టాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాం. నీడ దొరికితే వాళ్ళ అదృష్టం.

మొదటి పాఠం తొడిమ. ఆటగాడికి తొడిమ అంటే ఒప్పందం. నాలుగేళ్ళు మిగిలుంటే కొనేవాడు గుమ్మం ముందు పడిగాపులు కాస్తాడు. ఏడాదే ఉంటే బేరం మొదలు. చివరి ఆరు నెలల్లో ఆటగాడే ఇంకో క్లబ్బుతో సంతకం పెట్టేసుకోవచ్చు, పాత క్లబ్బుకు పైసా రాదు. 2014లో డార్ట్‌మండ్ నుంచి లెవాండోవ్‌స్కీ బయర్న్‌కు అట్లాగే రాలాడు. 180 మిలియన్ యూరోలు పెట్టి కొన్న ఎంబాపే 2024లో పారిస్ చేతుల్లోంచి రియల్ మాడ్రిడ్ ఒళ్ళో పడ్డాడు. రాలుకాయ ఎవరు ఏరుకుంటే వాళ్ళది.

రెండోది పద్దు పుస్తకం, అసలు విచిత్రం ఇక్కడుంది. 100 మిలియన్లకు కొని అయిదేళ్ళ ఒప్పందం రాస్తే ఏడాదికి 20 చొప్పున ఖర్చు రాస్తారు. మూడేళ్ళకు పుస్తకంలో మిగిలేది 40. అప్పుడు 60కి అమ్మినా 20 లాభమే! సొంత అకాడమీ కుర్రాడికైతే పుస్తకంలో విలువ సున్నా, ఎంతకు అమ్మితే అంతా లాభమే. అందుకే చెల్సీ 2023లో మౌంట్‌ను, మరుసటేడు గాలఘర్‌ను సాగనంపింది. పెరట్లో పుట్టిన దూడను తోలేసి, సంతలో కొన్న ఎద్దుకు కుడితి పెట్టడాన్ని మన దగ్గర తిక్క అంటారు. అక్కడ ఆర్థిక నిబంధనల పాలన అంటారు.

డబ్బొచ్చాక చేసే తప్పు ఇంకోటి. 2013లో టాటెన్‌హామ్ బేల్ అనే ఒక్క చెట్టు అమ్మి ఏడు అంటుమొక్కలు తెచ్చుకుంది. గట్టిగా కాపు పట్టింది ఎరిక్సన్ ఒక్కడే, డిసెంబరుకల్లా తోటమాలి, అంటే జట్టు కోచ్, ఉద్యోగం ఊడింది. లివర్‌పూల్ అట్లా కాదు. 2018 జనవరిలో కుటీన్యో బార్సిలోనా చేరడానికి ముందే వాన్ డైక్‌తో బేరం ముగించుకుంది, వేసవిలో అలిసన్‌ను తెచ్చింది, 2019లో చాంపియన్స్ లీగ్ ఎత్తుకుపోయింది. జేబు బరువు సంతంతా తెలిశాక ఇక బేరమేముంటుంది?

ఇక చివరి రోజు చిక్కొస్తుంది. ఆటగాడు మళ్ళీ అమ్ముడైతే అందులో వాటా రావాలని క్లబ్బులు ముందే రాయించుకుంటాయి. అది కాక, ఒప్పందం నడుస్తుండగా దేశం దాటి అమ్ముడైతే, 12 నుంచి 23 ఏళ్ళ దాకా పెంచిన క్లబ్బులకు ఆ సొమ్ములో 5 శాతం పంచాలని ఫిఫా నియమం. యార్డులో కూర్చున్న దొర, కాయ గుజ్జయి, రసమై డబ్బాలోకెక్కాక మీ వాటా ఎంత అని అడగకుండా ఉండడు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలపాలని తేల్చినా, ఆ ఎనిమిది కోసమే లారీల వరసలో రోజులు లెక్కపెట్టిన రైతు, "ఆ కాయితం యాడ రాసిస్తారు సామీ?" అంటాడు. నకలు ఒకటి వెంట తెచ్చిన క్లబ్బుకు శిక్షణ రుసుము మాఫీ.