గుక్కెడు మందుకు రోజూ హాజరు

తెల్లారకముందే అమెరికాలో మత్తు వ్యసనానికి మెథడోన్ అనే మందు ఇచ్చే క్లినిక్‌ల ముందు వరుస మొదలవుతుంది. కిటికీలోంచి నర్సు చిన్న ప్లాస్టిక్ కప్పు అందిస్తుంది. అక్కడే తాగాలి. మింగారో, బుగ్గన పెట్టుకున్నారో తేలడానికి ఓ మాట మాట్లాడించి పంపుతారు. మళ్లీ రేపు రావాలి.

మెథడోన్‌దీ మత్తుమందుల జాతే. అయినా హెరాయిన్ అనే మత్తుమందు అలవాటైనవాళ్లకు దీన్ని రోజూ ఇస్తే మనిషి నిలదొక్కుకుంటాడని డాక్టర్లు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ 1965లోనే చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని అత్యావశ్యక మందుల్లో చేర్చింది. చావులు తగ్గుతాయి, మత్తు సూదులు తగ్గి హెచ్ఐవీ తగ్గుతుంది. దానిమీద ఇంకా పేచీ పెట్టేవాళ్లతో నాకు పని లేదు. బతికించారు సరే, ఎలా బతకనిస్తున్నారన్నదే నా గొడవ.

చికిత్సలో చేరిన తొలి నెలల్లో జీవన నాణ్యత బాగా మెరుగుపడి, ఆ తర్వాత పెద్దగా కదలదని పరిశోధకులు తరచూ చెబుతుంటారు. ఎందుకు కదులుతుంది? కొలతకు వాడేవాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 26 ప్రశ్నల పత్రం ఒకటి. నిద్ర పడుతోందా, చేతిలో డబ్బు ఆడుతోందా, రాకపోకలు సౌకర్యమేనా అని అడుగుతుంది. చీకట్లో లేచి, రెండు బస్సులు మారి, పొద్దుటి షిఫ్టు పని వదులుకున్నవాడు ఏమని రాస్తాడు? మలబద్ధకం, చెమటలు మందు పుణ్యమే, కాదనను. మిగతాదంతా వరుస పుణ్యం. ఇంకో తమాషా: రోజు గడవడానికి మీకు వైద్యం ఎంత అవసరమని అదే పత్రంలో నాలుగో ప్రశ్న. చాలా అవసరమంటే మార్కులు కోత! మందు పనిచేసి లేచి తిరుగుతున్నందుకు జరిమానా అన్నమాట.

ఒక్క డోసు పసిపిల్లల ప్రాణం తీయగలదు, బయట అమ్ముకునేవాళ్లూ ఉంటారు, అందుకే ఈ కట్టడి అంటారు. భయం నిజమే. అందుకే ఇంటికిచ్చే సీసాలకు తాళం పెట్టె ఉండాలన్నారు. కానీ నెల సరిపడా మందు చేతికి రావాలంటే రెండేళ్లు ఆగాలన్న పాత నిబంధనను 2020 మార్చిలో కోవిడ్ పక్కకు నెట్టేసింది. నిలకడగా ఉన్నవాళ్లకు 28 రోజుల డోసులు ఇంటికివ్వొచ్చన్నారు. కొంప మునిగిందా? మత్తుమందు మోతాదు మించిన మరణాల్లో మెథడోన్ వాటా పెరగకపోగా 2021కి తగ్గింది. చివరికి 2024లో సడలింపుల్ని శాశ్వతం చేశారు.

అనుమానానికి రుజువు అక్కర్లేదు, నమ్మకానికి మాత్రం మహమ్మారి రావాలి. ఇది అమెరికా జబ్బనుకుంటే పొరపాటు. రేషన్ బియ్యానికి వేలిముద్ర పడక తిరిగెళ్లే ముసలమ్మను అడగండి. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫొటోల హాజరు తప్పనిసరి చేశారు, సిగ్నల్ దొరక్కపోతే కూలి గల్లంతు. బ్యాంకుల్ని ముంచినవాడికి రోజుకు రెండు ఫొటోలు దిగమన్న సర్కారును చూశారా? పేదవాడికి ఏదిచ్చినా ముందు దొంగ కాదని నిరూపించుకోమనడం మనకు పాలన.

అమెరికాలో మెథడోన్ మాత్రలు నొప్పికని రాస్తే వీధి చివరి మందుల షాపులో ఇస్తారు. వ్యసనానికని రాస్తే ఆ షాపువాడే ఇవ్వడు, క్లినిక్‌కే పొమ్మంటాడు.