ఎండీసీ డ్రమ్ముకు ఏసీ గది ఇప్పించండి

రసాయన భద్రతలో శ్రీకాకుళం జిల్లా వెనకబడిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మే నెల మిట్టమధ్యాహ్నం పైడిభీమవరం వైపు వచ్చి, ఏదో ఒక మందుల ఫ్యాక్టరీ గోడకు వేలాడే, రసాయనం గుణాలూ ప్రమాదాలూ చెప్పే ఎంఎస్‌డీఎస్ కాగితం చదవండి. లామినేషన్ కూడా చేయించి ఉంటుంది. "మిథిలీన్ డైక్లోరైడ్. ఆవిరి పీడనం 20 డిగ్రీల దగ్గర సుమారు 47 కిలోపాస్కల్స్." అక్షరం తప్పు లేదు. తప్పల్లా ఎండదే. గోడ మీద అంత స్పష్టంగా 20 అని రాసిపెట్టినా లెక్కచేయకుండా 40 దాటిపోతోంది.

మందుల తయారీలో ద్రావణిగా వాడే, అందరూ ఎండీసీ అని పిలిచే ఈ ద్రవం 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే, దాని ఆవిరి పీడనం, అదే మూసిన డ్రమ్ములో ఆవిరి గోడలను నెట్టే ఒత్తిడి, అక్కడికి వచ్చేసరికి బయటి గాలి పీడనమంత, 101 కిలోపాస్కల్స్ అవుతుంది. పొయ్యి అక్కర్లేదు, డ్రమ్మును షెడ్డు బయట నిలబెడితే చాలు.

"ఏటి బావూ, డ్రమ్ము పొట్ట ఉబ్బిపోనాది?" అంటాడు కాంట్రాక్టు కుర్రాడు.

"మూత కాస్త వదులు చెయ్యరా, అదే సర్దుకుంటాది," అంటాడు సూపర్‌వైజరు.

కుర్రాడు మొహం పక్కకు తిప్పుకుని స్పానరు వేస్తాడు. బుస్సుమంటుంది. కొలత అయిపోయింది.

ఆవిరి పీడనం కొలవడానికి పుస్తకంలో పద్ధతి ఇంత తేలిక కాదు. ద్రవాన్ని చిన్న గాజు బల్బులో పోసి, అందులో కరిగిన గాలిని ముందు తరిమేయాలి. లేకపోతే దాని పీడనం కూడా కలిసి అంకె తప్పుతుంది. తర్వాత వేడి మారని తొట్టిలో ముంచి, యు ఆకారపు గొట్టంలో రెండు మట్టాలూ సమానమయ్యేదాకా బయటి పీడనాన్ని సర్దుతూ కూర్చోవాలి. రసాయనాల పరీక్షలకు పద్ధతులు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 104వ మార్గదర్శకమైతే కనీసం రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలవమంటుంది. 0 నుంచి 50 డిగ్రీల మధ్య మూడు, ఆపైన అయితే ఇంకా మంచిదంటుంది. 50 దాకా అన్నారంటే మన రోహిణి కార్తె సంగతి వాళ్లకెవరో చెప్పే ఉంటారు. మనం పొదుపరులం, ఒక్క అంకె తీసుకుని మిగతావి వదిలేశాం.

ఆ ఒక్క అంకె కూడా స్వచ్ఛమైన ఎండీసీది. డ్రమ్ములో ఉన్నది రికవరీ సరుకు, అంటే ఒకసారి వాడాక తిరిగి పట్టింది. అందులో ఇంకేం కలిశాయో, ఎంత కలిశాయో, దాని పీడనమెంతో కాగితం చెప్పదు, డ్రమ్మును అడిగే ఓపిక ఎవరికీ లేదు.

కాబట్టి నా ప్రతిపాదన: ఫ్యాక్టరీ మొత్తంలో 20 డిగ్రీలు ఉండేది జనరల్ మేనేజర్ గారి గదిలోనే గనక, డ్రమ్ములన్నిటినీ అక్కడికి మార్చాలి. వారు షెడ్డులో కూర్చుంటారు. కాగితం ఒక్కటీ మార్చక్కర్లేదు.

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఊరి మీద పడిన స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. ట్యాంకులో వేడెక్కింది, 12 మంది పోయారు. ఎండీసీకి అంత వేడి కూడా అక్కర్లేదు. దాని ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువు, నేలబారున పాకుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి డ్రమ్ముల నీడన కాసేపు నడుం వాల్చేవాళ్ల ఎత్తు కూడా అంతే.

"వాసనొస్తే చెప్తాం కదా" అనేది సీనియర్ల ధీమా. ఎండీసీ వాసన ముక్కుకు తెలిసేసరికే పనిచేసే చోట ఉండాల్సిన హద్దు దాటేసి ఉంటుంది. అయినా ముక్కును కాదనలేం, ఖర్చులేని పరికరం. ప్రతి గేజికీ కాలిబ్రేషన్ స్టిక్కరు ఉన్నట్టే దానికీ ఒకటి అంటించి, వచ్చే గడువు తేదీ రాసేస్తే ఆడిట్‌లో అడిగేవాడుండడు.