సవరణ: ఒక్క అడుగు గెలుపు, ప్రపంచ రికార్డు కాదు

అమెరికాలోని స్పోకేన్ నగరపు మన్రో స్ట్రీట్ వంతెన గురించి రాస్తూ, 1911లో ప్రారంభమైన నాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద కాంక్రీటు కమాను దానిదేనన్నాను. అది తప్పు. దాని నడిమి కమాను ఒక కొస నుంచి మరో కొసకు 281 అడుగులు. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన 1910లో పూర్తయిన రాకీ రివర్ వంతెనది 280. ఒక్క అడుగు తేడా! ఆ గెలుపు అమెరికా వరకే. నేను న్యూజీలాండ్ వైపు తొంగి చూడలేదు. ఆక్లండ్‌లోని గ్రాఫ్టన్ వంతెన 320 అడుగుల కమానుతో 1910లోనే తెరుచుకుంది.

‘నేటికీ బండ్లు ఆనాటి కాంక్రీటు మీదే నడుస్తున్నాయి’ అన్న వాక్యమూ నిలవదు. 2003-2005 మధ్య వంతెన మూసి, రోడ్డునూ దాన్ని మోసే స్తంభాలనూ పడగొట్టి కొత్తగా కట్టారు. పెద్ద కమానును మాత్రం మరమ్మతు చేసి ఉంచారు. ఇందులో వింతేమీ లేదు. కమానులో బరువంతా నొక్కుడుగానే పునాదులకు దిగుతుంది. కాంక్రీటు ఓర్చుకునేది సరిగ్గా దాన్నే. వాననీరు, మంచు కరిగించే ఉప్పు ముందుగా దెబ్బతీసేది పైనున్న రోడ్డునే. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బిందంటే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది.

వంతెన మీది చిన్న మండపాలకు అలంకరణగా ఉన్న అడవిదున్న పుర్రె బొమ్మల సంగతీ, ఈ వంతెన ఉన్న చోటే ఉండిన మొదటి చెక్క వంతెన 1890లో కాలిపోయిన సంగతీ రాసినట్టే సరైనవి.