యాంటెన్నా ఎక్కడుందో చూశారా?
రిమోట్‌తో నడిపే బొమ్మ పడవల గురించి మీరు పెట్టిన పోస్టులో, కిలోమీటరు రేంజి ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ కొంటే చెరువులో పడవకి సిగ్నల్ టెన్షనే ఉండదని రాశారు. ఆ కిలోమీటరు గాల్లో ఎగిరే విమానానికండీ, నీళ్ళని అంటుకుని పోయే పడవకి కాదు. నా పడవ అరవై మీటర్లు దాటగానే ఆగిపోయి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. తెప్ప మీద వెళ్ళి తెచ్చుకున్నా. మూత తీసి చూస్తే రిసీవర్ (రిమోట్ సిగ్నల్‌ని అందుకునే భాగం) అడుగున బ్యాటరీ పక్కన ఉంది, యాంటెన్నా తీగ చుట్టచుట్టి టేపు వేసి ఉంది. అంటే నీటి మట్టానికి కిందే! ఈ ఫ్రీక్వెన్సీని నీళ్ళు ఇట్టే మింగేస్తాయి. ఆ విషయంలో పాత 27, 40 మెగాహెర్ట్జ్ రిమోట్ సెట్లే నయం. మంచినీటిలో మునిగే సబ్‌మెరైన్ మోడళ్ళకి ఇప్పటికీ అలాంటివే వాడతారు.

మామూలు రిసీవర్లలో తీగ చివరున్న 3 సెంటీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా. దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి డెక్కు మీద నిలువుగా నిలబెట్టాను. (కార్బన్ ఫైబర్ పడవైతే బయటికి తీయక తప్పదు, అది సిగ్నల్‌ని అడ్డుకుంటుంది.) ఇప్పుడు అవతలి గట్టు దాకా పోయొస్తోంది.

ఫెయిల్‌సేఫ్ గురించి ఒక్క ముక్కా రాయలేదేం? సిగ్నల్ పోగానే మోటారు ఆగేలా సెట్ చేయకపోతే పడవ అదే స్పీడులో దూసుకుపోవచ్చు. మా చెరువులో పిల్లలు ఈత కొడుతుంటారు మరి.