పైసల కోసం కొట్లాట కాదు సార్, భూమి కోసం

చౌటుప్పల్ దిక్కు త్రిబులార్ రోడ్డు, అంటే హైదరాబాద్ చుట్టూ ఏసే రీజినల్ రింగ్ రోడ్డు కింద భూములు పోతున్న రైతులు రేటు పెంచమనే లొల్లి పెడుతున్నరని రాసిన్రు, సగమే నిజమది. 2013 భూసేకరణ చట్టంల మార్కెట్ రేటు కట్టి, ఊర్లయితే 1 నుంచి 2 రెట్లు చేసి, మీదికెళ్లి 100 శాతం సొలేషియం, అంటే భూమి పోయిన బాధకు ఇచ్చే పైసలు, ఇయ్యాలె అని ఉన్నది, ఇనడానికి మస్తుంటది. కని ఆ రేటు తీసేది సర్కారు రేటు, వెనుకటి మూడేండ్ల రిజిస్ట్రేషన్ కాయితాల రేటు రెండిట్ల ఏది ఎక్కువుంటే దానికెళ్లే కదా, మా దిక్కు 40 లక్షలకు కొన్నా కాయితం మీద సర్కారు రేటే రాపిస్తరు, గిప్పుడు అదే మా మెడకు చుట్టుకుంటుంది.

మా చిన్నాయినది ఎకరం 10 గుంటలు, బత్తాయి తోట. ఆరేండ్లు ట్యాంకర్లతోని నీళ్లు పోసి సాదిండు, కాపు నిరుడే అందుకుంది. బోరుకు నాలుగడుగుల దూరంల రోడ్డు హద్దు రాయి పాతి ఎర్ర రంగు పూసి పోయిన్రు, ఆయన రోజూ పొద్దున పోయి ఆ రాయి పక్కన్నే కూసుంటడు, అన్నానికి పిలిచినా రాడు. అండ్ల 15 గుంటలు సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేకుంట తెల్ల కాయితం మీద రాసుకొని కొన్నది, పాస్‌బుక్కుల ఎక్కలే, దానికి పైసలు వేరేటోళ్ల పేరు మీద పడుతయట. కౌలుకు చేసేటోళ్లు మూడేండ్ల సంది దున్నుతుంటే వాళ్లు గూడ బాధితులే అని అదే చట్టంల ఉంది, వాళ్ల పేర్లు రాసుకోనీకి మా ఊరికి ఒక్కలు గూడ రాలే. భూమికి భూమి చూపియ్యున్రి, రేటు సంగతి తర్వాత మాట్లాడుదాం.